నీళ్లు కలిసిన డీజిలు

కనుమ మీద నా బండి ఆగిపోయేనాటికి దాన్ని కొని ఎనిమిది నెలలు. వెనక అరవై పెట్టెల ఎండుచేపలు, ఎదురుగా ఎక్కుడు, చుట్టూ పొగమంచు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి దగ్గకుండానే ప్రాణం వదిలేసింది. చేతిబ్రేకు బలంగా లాగి, కిందికి దిగి చక్రానికి రాయి అడ్డం పెట్టి, రోడ్డు పక్కన చతికిలబడ్డాను. ముప్పై ఒక్క ఏళ్ల కిందట మా నాన్న లారీ లోయలో పడింది అక్కడికి రెండు మలుపుల అవతలే.

నా పేరు జోంగ్రాన్. కొరియాలోని మా గాంగ్వన్ కొండల్లో ఐదు రోజులకోసారి ఒక్కో ఊళ్లో సంత జరుగుతుంది. నేను రోజుకో సంతకి ఎండుచేపలు, సముద్రపు నాచు తీసుకెళ్లి అమ్ముతాను. నలభై తొమ్మిదేళ్లు. మొగుడు లేడు. ఉన్నవాణ్ణి నేనే వద్దనుకున్నాను. సోల్గోల్ అనే ఊళ్లో మా ఇంట్లో నేనూ, డెబ్భై ఎనిమిదేళ్ల మా అమ్మా. మా ఇద్దరి కంచాల్లోకీ అన్నం వచ్చేది టన్ను సరుకు మోసే ఆ బండి మీదే. అది ఇంటికొచ్చిన రోజున మా ఆచారం ప్రకారం కొత్త బండికి పూజ అని అమ్మ వాకిట్లో పంది తల పెట్టి, బియ్యపు రొట్టె ఆవిరి పట్టి, తెల్లదారం చుట్టిన ఎండుచేపను సీటు వెనక కట్టి, తన చేత్తో కాచిన మక్కల్లిని నాలుగు చక్రాల మీదా పోసింది. మక్కల్లి అంటే గంజిలా తెల్లగా ఉండే బియ్యపు కల్లు. వంటింటి మూల కుండలో అమ్మే పులియబెడుతుంది.

మా ఊళ్లో ఎవరి బండి ఆగినా ముందు ఫోను చేసేది పిల్గు బాబాయికే. నాన్నకు ప్రాణస్నేహితుడు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పెట్రోలు బంకు ఆయనది. నేను పుట్టినప్పటి నుంచీ అక్కడే పోయించుకుంటున్నాం. ఆ రోజు కూడా గంటలో వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి ఆ చలిలో బండి కిందికి దూరి, ఫిల్టరు అడుగున మర విప్పి, కారినదాన్ని గాజు సీసాలో పట్టాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు, వేలికి రాసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు.

ఏంటి బాబాయ్ అనడిగితే, "నీళ్లు" అన్నాడు. సీసాలో ఉన్నదాన్ని రోడ్డు పక్క పారబోసి, నా బండిని తన బండికి కట్టి దించుకొచ్చాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మామూలుగానే మాటల మనిషి కాదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

కంపెనీ సర్వీసు సెంటరు పట్నంలో ఉంది. అక్కడి మేనేజరు పేరు నామ్. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, అంతకంటే ఇస్త్రీ చేసిన మాట. డీజిలులో నీళ్లు కలిశాయట. వాటికి పంపు, ఇంజెక్టర్లు తుప్పుపట్టి పాడయ్యాయట. తయారీలో లోపమైతే కంపెనీది బాధ్యత, పోసిన ఇంధనంలో లోపమైతే కాదట, అందుకని వారంటీ వర్తించదట. వారంటీ పుస్తకంలో ఆ ముక్క ఉన్న పేజీ తీసి వేలు పెట్టి మరీ చూపించాడు. ఎనిమిది నెలలుగా సీటు కింద పడున్న ఆ పుస్తకాన్ని నేను తెరిచి చూడటం అదే మొదలు.

ఫిల్టరులో నీళ్లు చేరితే ముందు ఒక పసుపు దీపం వెలుగుతుంది, అది ఎన్నాళ్లుగా వెలుగుతోంది మేడం అనడిగాడు. ఏ దీపం, నాకే దీపమూ కనపడలేదు అన్నాను. నిజానికి పది రోజులుగా వెలుగుతోంది. కళ్లకు అడ్డమొస్తోందని దాని మీద చేపల పెట్టెకి వేసే ధర కాగితం ఒకటి అంటించాను. ఆ కాగితం అక్కడే ఉందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం మర్యాదగా ఊరుకున్నాం.

అయినా వదిలితే నేను జోంగ్రాన్ని ఎలా అవుతాను. అట్ట ముక్క మీద ఎర్ర సిరాతో "ఎనిమిది నెలల బండి చచ్చింది, కంపెనీ చేతులు కడుక్కుంది" అని రాసుకుని సర్వీసు సెంటరు గేటు ముందు తొమ్మిది రోజులు నిలబడ్డాను. కొత్త బండి కొందామని వచ్చిన వాళ్లందరికీ నా కథ అడక్కుండానే చెప్పాను. నామ్ రోజూ మధ్యాహ్నం కాగితపు గ్లాసులో కాఫీ తెచ్చిచ్చేవాడు. తిట్టుకుంటూనే తాగేదాన్ని. తొమ్మిదో రోజున అతను మెల్లిగా ఒక మాటన్నాడు. బండిని పట్టుకుని వేలాడే బదులు ఆ డీజిలు ఎక్కడ పోయించారో అక్కడ అడగండి, నీళ్లు అక్కణ్ణించే వచ్చాయని తేలితే నష్టం వాళ్లే కట్టాలి అన్నాడు.

నా పర్సులో ఉన్న రసీదులన్నీ పిల్గు బాబాయి బంకువే.

ఇంటికెళ్లి ఆ సంగతి అమ్మకు చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. అమ్మ చేతిలో ఉన్న ముల్లంగి పక్కన పెట్టింది. తర్వాత, కనుమ మీద పిల్గు ఏం చేశాడో మళ్లీ చెప్పు అంది. చెప్పాను. సీసా పారబోశాడా అంది. అవునన్నాను. నీళ్లు కలపనివాడు సీసా ఎందుకు పారబోస్తాడే అంది అమ్మ. ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనే లేదు. తట్టిన తర్వాత మరి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని సంతకి తీసుకెళ్లిన మనిషి మీద తెల్లారేసరికి ఇంధన తనిఖీ శాఖకి ఫిర్యాదు రాసి పంపించాను.

తనిఖీ వాళ్లు తెల్ల వ్యానులో వచ్చారు. భూమిలోని టాంకుల్లోంచీ గొట్టాల్లోంచీ డబ్బాల్లోకి డీజిలు పట్టారు. ఊరంతా రోడ్డు మీదే నిలబడి చూసింది. నేను చేతులు కట్టుకుని అటు పక్కన నిలబడ్డాను. బాబాయి ఒక్కసారి నా వైపు చూసి, "చలిగా ఉందిగా, లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చో" అన్నాడు. ఎంత నటన అనుకున్నాను. పది రోజులకి ఫలితం వచ్చింది. బంకులో డీజిలు శుభ్రంగా ఉందట. కానీ తెల్ల వ్యాను చూసినవాళ్లు ఎవరూ తెల్ల కాగితం చదవలేదు. అందరూ ఇరవై కిలోమీటర్ల అవతల కొత్త రహదారి మీదికెళ్లి పోయించుకోవడం మొదలుపెట్టారు. టాంకు మార్చి ఉంటాడు, పాత మనిషి గదా, కిటుకులన్నీ తెలుసు అని సంతలో నా పక్క కొట్టువాడే నాతో అన్నాడు. నేను కాదనలేదు.

బంకు శుభ్రంగా ఉందంటే కంపెనీ పరీక్షే అబద్ధమని మళ్లీ నామ్ మీద పడ్డాను. మీ పరీక్ష మీ పాటే పాడుతుంది, బయటివాళ్లతో చేయించండి అన్నాను. పాపం అతను పైవాళ్లతో పోట్లాడి ఒప్పించాడు. మూడు వారాల తర్వాత పిలిచి కుర్చీ వేశాడు. కాగితం తన ముందే పెట్టుకున్నాడు.

"మేడం, ఇందులో ఉన్నవి ఉత్త నీళ్లు కావు. బియ్యపు పిండి ఉంది, చక్కెర ఉంది, పులిసిన తోడు ఉంది." కాగితం నా వైపు తిప్పాడు. "ఇది మక్కల్లి అంటున్నారు."

నా డీజిలులో కల్లు పోసేంత తాగుబోతు ఎవడయ్యా మా ఊళ్లో, మీ ప్రయోగశాల వాళ్లే తాగి రాశారేమో చూసుకో అని కేకలేశాను. అతను నవ్వలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. ఎవడో గిట్టనివాడి పని, దొరకనీ అనుకున్నాను. తర్వాత ఎందుకో నా బండి డీజిలు టాంకు మూత తాళంచెవి గుర్తొచ్చింది. అది బండి తాళంతో కలిపి మా వంటింటి గోడ మేకుకే వేలాడుతూ ఉంటుంది. ఆ మేకు కిందే కల్లు కుండ. మిగిలిన దారంతా నేను ఎవర్నీ తిట్టలేదు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. అమ్మ వాకిట్లో, బండి ఎప్పుడూ నిలబెట్టే చోట, గిన్నె పట్టుకుని వంగి నిలబడింది. గిన్నెలోని తెల్లని కల్లును నేల మీద ధారగా పోస్తూ నోట్లో ఏదో అనుకుంటోంది. ఏం చేస్తున్నావమ్మా అన్నాను. ఎంత మామూలుగా అడగ్గలనో అంత మామూలుగా అడిగాను.

"పున్నమి గదే ఇవాళ. బండి లేకపోతే ఏం, దాని చోటు ఉందిగా."

"ప్రతి పున్నమికీ ఇక్కడే పోస్తావా?"

"ఇక్కడెందుకు పోస్తా? బండి ఉన్నప్పుడు దాని కడుపులోకే పోశా. నెల పొడుపుకో గిన్నెడు, పున్నమికో గిన్నెడు. పొగమంచు మొదలైన కాణ్ణించి ఒక్కటీ తప్పలా." అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా లేచింది. "మీ నాన్న లారీకి చక్రాలకే పోశాను. ఏమైంది? రోడ్డు తాగేసింది. బండి లోపలున్న దేవతకి చుక్క అందలా. ఈసారి ఆ తప్పు చెయ్యదల్చుకోలేదు నేను. అందుకే చూడు, ఆ ముసలాడి నీళ్ల డీజిలు నిన్ను లోయలోకి తోయబోతే నా కల్లు పట్టుకుని ఆపింది. కనుమ మీద ఎక్కడి బండి అక్కడే ఆగింది. ఒక్క అడుగు అటు పోలేదు."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ ముఖం చూశాను. నాన్న పోయినప్పటి నుంచి ఆ ముఖంలో అంత నిశ్చింత నేనెప్పుడూ చూడలేదు. బండిని చంపింది ఆ కల్లేనని చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది. అమ్మ అది చూసి, పోనీలే, బతికావుగా అని నా వీపు నిమిరింది.

చీకటి పడకముందే బంకుకి వెళ్లాను. బాబాయి పొయ్యి వెలిగించకుండా కోటు వేసుకుని గదిలో ఒక్కడే కూర్చున్నాడు. గిరాకీ లేని చోట పొయ్యి దండగనుకున్నాడేమో. ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని నేల మీద తల పెట్టాను.

"లేవ్వే. నాకు తెలుసులే" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"కనుమ మీదే. యాభై ఏళ్లుగా మీ అమ్మ కాచిన కల్లు తాగుతున్నాను, ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలియదా?"

నాకు కోపం వచ్చింది. ఆయన మీదో నా మీదో చెప్పలేను. మరి చెప్పొచ్చుగా బాబాయ్, నేను నీ మీద ఫిర్యాదు రాస్తుంటే, వాళ్లు నీ గొట్టాలు పీకుతుంటే, ఊరు నీ వంక అట్లా చూస్తుంటే ఊరుకున్నావా అని అరిచాను. ఆయన నేను అరవడం అయిపోయేదాకా ఆగాడు. తర్వాత నాకు అప్పటివరకూ ఎవరూ చెప్పనిది చెప్పాడు. నాన్న పోయిన ఏడు అమ్మకు ఒకటే చింత పట్టుకుందట. కొత్త లారీకి పూజ చేసింది తను, పోసింది తన చెయ్యి, ఆ చెయ్యి మంచిది కాదు కాబట్టే మనిషి పోయాడని. ఆ చలికాలంలో రెండుసార్లు ఆనకట్ట మీదికి వెళ్లిందట. రెండుసార్లూ వెనకాలే వెళ్లి తీసుకొచ్చింది ఈయనే. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు, పట్నంలో కుట్టు ఫ్యాక్టరీలో ఉన్నాను. అమ్మకు జలుబు చేసిందని ఉత్తరం రాయించారు.

"ఇప్పుడు బండి చెడింది కూడా తన చేత్తోనే అని చెప్తావా? చెప్పు. ఆనకట్ట దాకా వెనకాల పరిగెత్తే ఓపిక నాకిప్పుడు లేదే, జోంగ్రాన్."

బంకు సంగతేంటి అన్నాను. కొత్త రహదారి పడ్డప్పుడే సగం పోయింది, మిగతా సగం ఎట్లాగూ నాతోనే పోయేది అన్నాడు. వద్దని కాసేపు వాదించాను. కానీ ఒప్పుకోవడం నాకు ఎంతో తేలిగ్గా అనిపించిందని కూడా చెప్పాలి. నా ఫిర్యాదు తప్పని ఊరి ముందు నిలబడి అనక్కర్లేదు, అమ్మతో ఏమీ చెప్పక్కర్లేదు, అంతా ఆ ముసలి భుజాల మీద వదిలేసి ఇంటికెళ్లి అన్నం తినొచ్చు. అలాగే చేశాను.

మర్నాడు పట్నం వెళ్లి నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను. ఆ ఫారంలో ఇంధనం కలుషితం కావడానికి కారణం అని ఒక గడి ఉంది. "నా అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టాను. నామ్ అది చదివి, ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు. బండి వాయిదాల మీద బాగు చేయించుకున్నాను. మూత తాళంచెవిని తాడుకు కట్టి మెళ్లో వేసుకున్నాను. పిల్గు చెయ్యి పడకుండా మంచి పని చేశావు అంది అమ్మ. పూజలు చేసే ఆవిడను అడిగాననీ, కడుపులోకి ఇప్పటిదాకా పోసింది చాలట, ఇక చక్రాలకే పొయ్యమందనీ అబద్ధమాడాను. నమ్మింది. ఊళ్లో కనపడినవాళ్లందరికీ బాబాయి తప్పేం లేదని చెప్పి చూశాను. మరి ఎవరిది అనేవాళ్లు. నేను మాట మార్చేదాన్ని. లోపాయికారీగా సర్దుకున్నారన్నమాట అని కన్ను గీటేవాళ్లు. కొత్త సంవత్సరం రాకముందే బాబాయి బంకుకి అడ్డంగా తాడు కట్టేశాడు.

చలికాలం చివర నాన్న తిథి వచ్చింది. ఆ రోజు నాన్నకు బల్ల మీద అన్నం, చేప, పళ్లు పెట్టి మొక్కుతాం. పొరుగూరి చుట్టాలు చచ్చిపోయారు, ఇప్పుడు మేమిద్దరమే. మాతో పాటు ఏటా పిల్గు బాబాయి. ఈసారికి రావద్దు బాబాయ్, అమ్మ సంగతి తెలుసుగా అని ముందే చెప్పాను. మీ అమ్మ కోసం రావట్లేదు, వాడి కోసం వస్తున్నా అన్నాడు. దీపాలు పెట్టే వేళకి నల్ల సూటు వేసుకుని, చేతిలో పియర్ పళ్ల పెట్టెతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

అమ్మ తలుపు తీసి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను వెనకాల చేప పళ్లెంతో ఉన్నాను. అమ్మ గొంతు పెంచలేదు.

"ఆ రోజు పొద్దున కూడా టాంకు నింపింది నువ్వే కదా పిల్గూ. మా ఆయన లారీకి."

"అవును వదినా."

"అప్పుడూ నీళ్లే పోశావా?"

ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం దీపం వెలుతురులో నాకు బాగా కనపడింది. బంకు పోయినప్పుడు గానీ ఊరు ఉమ్మినప్పుడు గానీ ఆ ముఖం అట్లా మారలేదు, మాట ఇంత దూరం వస్తుందని ఆయనా అనుకుని ఉండడు. నాన్న శవాన్ని లోయలోంచి మోసుకొచ్చింది ఆయన. చెప్పెయ్ బాబాయ్, కాదని చెప్పెయ్ అని నా లోపల ఎవరో గుండె బాదుకుంటున్నారు. నోరు మాత్రం తెరవలేదు. ఆయన నా వైపు చూడలేదు. అమ్మ చేతుల వైపు చూశాడు. తలుపు పట్టుకున్న ఆ ముడతల చేతుల వైపు.

"తప్పయిపోయింది వదినా" అన్నాడు.

పళ్ల పెట్టె గడప మీద పెట్టి, వాకిట్లోనే, మంచు మీదే మోకాళ్లు వంచి నాన్న బల్ల ఉన్న దిక్కుకి రెండుసార్లు సాగిలపడ్డాడు. లేవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అమ్మ దాన్ని చూడలేదు. తన రెండు చేతులనూ ముఖం దగ్గరికి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"నా చెయ్యి కాదన్నమాట" అంది. చిన్నపిల్లలా ఏడుస్తూ నా వైపు తిరిగింది. "విన్నావా జోంగ్రాన్? ముప్పై ఒక్క ఏళ్లు. నా చెయ్యి కాదే."

కాదమ్మా అన్నాను. బాబాయి అప్పటికి గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లాడు. చలి లోపలికొస్తోంది, తలుపెయ్యమంది అమ్మ. నేనే వేశాను.